శ్రీశైలం ముంపు భూమి: ముప్పై ఏళ్లు సాగు చేస్తే మనదవుతుందా?

సందేహం: శ్రీశైలం బ్యాక్‌వాటర్‌లో మా నాలుగెకరాలు మునిగాయి, నాన్న అప్పట్లోనే పరిహారం తీసుకున్నారు. ముప్పై ఏళ్లకు పైగా, నీళ్లు తగ్గాక అందులోనే వేరుశనగ వేస్తున్నాం, రసీదులున్నాయి. ఆ పొలం బెంగతోనే నాన్న పోయారు. నెల కిందట ఖాళీ చేయమని నోటీసొచ్చింది. అడంగల్‌లో (ఊరి సాగు రికార్డులో) పేరెక్కిస్తానని ఒకాయన డబ్బడుగుతున్నాడు. కోర్టుకెళ్తే భూమి మాదవుతుందా?

జవాబు: కాదు. నాన్నగారి బెంగను కోర్టు చూడదు, మీ పొలం నీట మునుగుతుందా లేదా అన్నదే చూస్తుంది. నాన్నగారు పరిహారం తీసుకున్నాక అది ప్రభుత్వ భూమి. దాని మీద అడ్వర్స్ పొజెషన్ (ఏళ్ల తరబడి స్వాధీనంలో ఉన్నందుకు వచ్చే హక్కు) అడగాలంటే ముప్పై ఏళ్లు తెగకుండా, ప్రభుత్వ హక్కును కాదంటూ స్వాధీనంలో ఉండాలి. కృష్ణకు వరదొచ్చి మట్టం 885 అడుగుల వైపు పెరిగితే మీ పొలం మునుగుతుంది, కరెంటుకీ కాలువలకీ నీళ్లు వదిలాక తేలుతుంది. భూమి మునిగితే ఆక్రమణదారుడి స్వాధీనం అక్కడితో తెగి అసలు యజమానికే చేరుతుందని ప్రివీ కౌన్సిల్ (బ్రిటిష్ కాలంలో మన పై కోర్టు) 1902లోనే చెప్పింది, కాబట్టి డ్యామ్ నిండిన ప్రతిసారీ మీ లెక్క మళ్లీ మొదటికే.

ఇక ఆ రసీదులు ఒకసారి తీసి చూడండి. 'శివాయి జమా' అని ఉంటే అది శిస్తు కాదు, ప్రభుత్వ భూమిలో అనుమతి లేకుండా సాగు చేసినందుకు వేసిన వసూలు. అవి కోర్టులో పెడితే భూమి ప్రభుత్వానిదని మీరే ఒప్పుకున్నట్టు. పరిహారం పెంచమని అడిగే గడువు కూడా (పాత 1894 భూసేకరణ చట్టం సెక్షన్ 18 కింద ఆరు వారాలు, ఎంత లాగినా అవార్డు, అంటే పరిహారం ఖరారు చేసిన ఉత్తర్వు, నుంచి ఆరు నెలలు) ఎప్పుడో దాటిపోయింది.

అడంగల్ ఆయన జోలికి మాత్రం పోవద్దు. అడంగల్‌లో పేరెక్కినంత మాత్రాన హక్కు రాదు, పైగా దొంగ ఎంట్రీ బయటపడితే ఫోర్జరీ కేసులో ఇరుక్కునేది మీరే, డబ్బు తీసుకున్నాయన అప్పటికి ఫోనెత్తడు.

నెల రోజులు నోటీసు ఇంట్లో పెట్టుకుని కూర్చున్నారే! అది 1905 ఆక్రమణల చట్టం కింద ఇచ్చిందైతే పైరు కూడా జప్తవుతుంది. గడువు దాటినా రేపే జవాబివ్వండి, పైరు కోసుకునేదాకా ఆగమని అందులోనే అడగండి, ఇచ్చినట్టు సంతకం చేయించుకోండి. ఆ వెంటనే సమాచార హక్కు కింద అవార్డు కాపీ, ముంపు మ్యాప్ అడిగి, మీ సర్వే నంబరులో ప్రతి సెంటూ అవార్డులో ఉందో లేదో సరిచూడండి. పరిహారం ఇవ్వకుండా ముంచిన ముక్క ఏదైనా మిగిలి ఉంటే దానికి కేసు నిలుస్తుంది. ఏళ్లు గడిచినా పరిహారం ఎగ్గొట్టడం కుదరదని 2020లో విద్యాదేవి కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. మిగతా భూమికి, నీళ్లు తగ్గిన సీజన్‌ వరకు ఏక్‌సాలా (ఒక్క ఏడాది) లీజు ఇమ్మని కలెక్టర్‌కు దరఖాస్తు పెట్టుకోండి, అది ఇవ్వడం ఇవ్వకపోవడం వాళ్లిష్టం.