కట్టింది మీరు, బుకింగ్ వాళ్ళ పేరు మీద. మరి రీఫండ్ ఎవరడగాలి?

బంధువు కోసం మీ కార్డుతో డబ్బు కట్టారు, ఆయన రద్దు చేసుకున్నాడు, ఇప్పుడు రీఫండ్ మీకొస్తుందా ఆయనకొస్తుందా, మీరు అడిగితే కంపెనీవాళ్ళు పలుకుతారా అని మీ ప్రశ్న. ఇదే గొడవతో నేను రెండు నెలలు సరిగా నిద్రపోలేదు, అందుకే రాస్తున్నాను.

డబ్బు ఏ దారిన వెళ్ళిందో ఆ దారినే వెనక్కి రావాలి. కార్డుతో కడితే ఆ కార్డుకే. కానీ అడగాల్సింది మాత్రం బుకింగ్ ఎవరి పేరు మీద ఉందో వాళ్ళు. చిక్కంతా ఇక్కడే ఉంది.

మా పిన్ని కూతురు ఒక రాత్రి ఫోన్ చేసింది. "అక్కా, కోర్సులో సీటు ఈ రాత్రితో ఆఖరు. నా కార్డు తీసుకోవట్లేదు. నీ కార్డుతో కడతావా, నెలనెలా ఇచ్చేస్తాను" అంది. పది నిమిషాల్లో కట్టేశాను. అకౌంట్ తనది, మెయిల్ తనది, కార్డొక్కటే నాది. క్లాసులు మొదలవకముందే తన ఉద్యోగం వేళలు మారిపోయాయి. గడువు లోపలే రద్దు చేసుకుంది. అక్కడిదాకా తప్పేం లేదు.

రద్దు చేసేటప్పుడు తెర మీద రెండు దారులు చూపించారట. ఒకటి పెద్ద బటన్, వెంటనే క్రెడిట్లు, అంటే ఆ కంపెనీలోనే మళ్ళీ వాడుకునే జమ, వస్తాయని. రెండోది కింద చిన్న అక్షరాల్లో, కట్టిన కార్డుకు వాపసు అని. పాపం, తొందరలో పెద్దది నొక్కేసింది. నా డబ్బు తన అకౌంట్లో క్రెడిట్లుగా మారి కూర్చుంది. తనకి ఆ కోర్సే వద్దు, ఇక ఆ క్రెడిట్లు దేనికి? మనిషి తొందరపాటు మీద ఆధారపడి బటన్ల సైజు పెట్టడం నాకు ఇప్పటికీ మింగుడుపడదు. అది మోసమే అంటాను, ఎవరేమన్నా సరే.

నేను ఫోన్ చేస్తే, "మేడం, అకౌంట్ మీ పేరు మీద లేదు, వివరాలు చెప్పలేం" అన్నారు. తను చేస్తే, "కట్టిన కార్డు మీది కాదు కదా, ఆ కార్డు ఓనర్‌తో మాట్లాడించండి" అన్నారు. చాట్‌లో అడిగితే ప్రతిసారీ కొత్త మనిషి, ప్రతిసారీ కథ మొదటినుంచి. చివర్లో "5 నుంచి 7 పనిదినాలు ఆగండి" అంటారు. ఏడో రోజు అడిగితే లెక్క మళ్ళీ ఒకటినుంచి మొదలు.

వీటన్నిటికంటే బాధ ఇంట్లో మొదలైంది. పిన్ని మా అమ్మతో, "అంత తొందరేముంది, పిల్ల ఎక్కడికి పారిపోతుంది" అందట. నేను అడుగుతున్నది చెల్లిని కాదు, కంపెనీని. ఆ తేడా చెప్పడానికి నాకు నాలుగు ఫోన్లు పట్టాయి. డబ్బు గురించి మాట్లాడితే ప్రేమ తక్కువైనట్టు చూస్తారే, ఆ అలవాటు పోవాలి.

చివరికి పని జరిగింది ఒకే ఒక్క మెయిల్‌తో. తన రిజిస్టర్ అయిన మెయిల్ నుంచే రాయించాను, నన్ను సీసీలో పెట్టించాను. ఆర్డర్ నంబరు, కట్టిన తేదీ, మొత్తం, నా కార్డు చివరి నాలుగు అంకెలు, కార్డు మీద ఉన్న పేరు. కింద ఒక వాక్యం: "క్రెడిట్లు ఒక్కటి కూడా వాడలేదు, వాటిని రద్దు చేసి కట్టిన కార్డుకే పంపండి, ఇందుకు నాకు అభ్యంతరం లేదు." ఆ తర్వాత ఇద్దరం కలిసి కాన్ఫరెన్స్ కాల్ చేశాం. అకౌంట్ ఉన్నమనిషీ కార్డు ఉన్నమనిషీ ఒకే ఫోన్‌లో ఉండేసరికి తప్పించుకోవడానికి వాళ్ళకు దారి లేకపోయింది.

"నా ఖాతాకి పంపండి, నేను అక్కకిచ్చేస్తాను" అని చెల్లి మధ్యలో ఒకసారి అంది. వద్దన్నాను. వాళ్ళు ఎలాగూ ఒప్పుకోరు, ఒప్పుకోకపోవడమే న్యాయం. దొంగిలించిన కార్డుతో కట్టి, రద్దు చేసి, డబ్బు తన ఖాతాలో వేయించుకోవడం దొంగకి చాలా సులువవుతుంది. అందుకే ఎవరైనా "పొరపాటున ఎక్కువ కట్టాను, తేడా ఫలానా ఖాతాకి పంపు" అంటే అనుమానించండి.

ఇంతా అయ్యాక "పంపేశాం" అన్నారు, నాకేమో కనపడలేదు. అప్పుడు ఏఆర్ఎన్ అడిగాను. కార్డు లావాదేవీకి ఉండే 23 అంకెల గుర్తింపు నంబరు అది. రీఫండ్‌కి సంబంధించిన ఏఆర్ఎన్ కావాలని గట్టిగా అడగండి, కట్టినప్పటిది కాదు. అది పట్టుకుని బ్యాంకుకి ఫోన్ చేస్తే రెండు నిమిషాల్లో దొరికింది. మధ్యలో నా కార్డు గడువు తీరి కొత్తది వచ్చింది, నంబరు మారింది. ఖాతా మాత్రం అదే కాబట్టి డబ్బు అందులోకే వచ్చి జమైంది. నేను స్టేట్‌మెంట్ సరిగా చూడలేదు. కార్డు మారినా భయం లేదు, ఖాతానే మూసేసి ఉంటే మాత్రం ముందే బ్యాంకుకి చెప్పాలి.

అప్పటికే చెల్లి నాకు సగం డబ్బు ఇచ్చేసింది. కాబట్టి వచ్చిన రీఫండ్‌లో తన వాటా ఆ రోజే తనకి పంపాను. కార్డుకి వచ్చింది కదా అని మొత్తం మనదైపోదు. కోత పడిన ప్రాసెసింగ్ ఫీజు మాత్రం తనే పెట్టుకుంది. ఎవరికోసం కట్టామో వాళ్ళే ఆ నష్టం భరించాలి, ఇందులో నాకు రెండో ఆలోచన లేదు.

కంపెనీ అస్సలు పలకకపోతే చార్జ్‌బ్యాక్ ఉంది, అంటే కార్డుతో కట్టిన డబ్బు వెనక్కి ఇప్పించమని బ్యాంకుకే ఫిర్యాదు చేయడం. అది కార్డు ఉన్నవాళ్ళే, అంటే మీరే, బ్యాంకులో అడగాలి. వీసా, మాస్టర్‌కార్డ్ నిబంధనల్లో చాలా రకాల ఫిర్యాదులకు 120 రోజుల గడువు. లెక్క ఎప్పటినుంచి అనేది ఫిర్యాదుని బట్టి మారుతుంది, మీ బ్యాంకు ఇంకా తక్కువ పెట్టి ఉండొచ్చు కూడా, కాబట్టి నాలాగా నెలలు నానబెట్టకండి. ముందు కంపెనీని అడిగినట్టు రుజువు కావాలి, ఆ మెయిల్ అక్కడ పనికొస్తుంది.

ముందు మీ బంధువుకి ఫోన్ చేసి, క్రెడిట్లో వోచరో తీసుకోమంటే ఏదీ నొక్కొద్దని చెప్పండి. ఇప్పటికే నొక్కేసి ఉంటే ఒక్కటి కూడా వాడొద్దనండి. మెయిల్ ఈ రాత్రికే రాయించండి.