టీచర్ గారూ, ఇది తప్పా?

ఈ నెల వచ్చిన ఉత్తరాల్లో ఎక్కువ బడిపిల్లలవే. పేరు వేయొద్దని చాలామంది అడిగారు, అందుకని పేర్లతో పాటు ఊళ్ళు కూడా తీసేశాను. ముప్పై ఏళ్ళు తెలుగు చెప్పి రిటైరైనదాన్ని, మధ్యమధ్యలో క్లాసు పీకుతున్నట్టు అనిపిస్తే సర్దుకోండి.

ప్రశ్న: నేను పదో తరగతి. ప్రీ ఫైనల్ లెక్కల పరీక్షలో నా ముందు కూర్చున్న ఫ్రెండ్ పేపర్ చూసి రెండు పెద్ద లెక్కలు వేశాను. తనే కాస్త పక్కకి జరిగి చూపించింది. తీరా మార్కులొచ్చాక తనకంటే నాకే మూడు ఎక్కువొచ్చి క్లాస్ ఫస్ట్ అయ్యాను. అసెంబ్లీలో హెచ్.ఎం. సార్ పెన్ను ఇచ్చారు. అందరూ చప్పట్లు కొట్టారు, తను కూడా కొట్టింది. అప్పట్నుంచి మామూలుగానే మాట్లాడుతోంది కానీ ఇంటర్వెల్‌లో నా కోసం ఆగడం లేదు. సార్‌కి చెప్పేయాలా? చెబితే తనకీ తిట్లు పడతాయి.

జవాబు: నీ ఉత్తరం మొత్తంలో నా కళ్ళు "ఇంటర్వెల్‌లో ఆగడం లేదు" అన్నచోటే ఆగాయి తల్లీ. సార్ దగ్గరికి తర్వాత వెళ్దువుగాని, ముందు ఆ అమ్మాయి దగ్గరికి వెళ్ళు. పోయింది సార్ సొమ్మేం కాదు, ఆ పిల్లది. రెండు లెక్కలు చూపించింది స్నేహం కొద్దీ, ఫస్ట్ ర్యాంకు కూడా పట్టుకుపొమ్మని కాదుగా.

సారీ అని మెసేజ్ పెట్టి కింద ఏడుపు బొమ్మ ఒకటి అంటించేస్తే సరిపోదు. ఎదురుగా కూర్చుని, "ఆ ఫస్ట్ నీది, పెన్ను నేను తీసుకోకుండా ఉండాల్సింది" అని చెప్పు. తను పోనీలే అనొచ్చు, నిన్ను కడిగేయనూ వచ్చు. కడిగేస్తే అడ్డుపడకు. "నువ్వే కదా చూపించావ్" అనే మాట నాలుక చివరిదాకా వస్తుంది, అది మాత్రం మింగెయ్.

ఇక సార్ సంగతి. అది మీరిద్దరూ కలిసి తేల్చుకోవాలి. నీ గుండెల మీద బరువు దించుకోవడానికి తనని అడక్కుండా ఇరికించకూడదు. తన పేరెత్తకుండా నా తప్పే చెప్పుకుంటాలే అనుకుంటావేమో, నీ ముందు బెంచీలో ఎవరు కూర్చున్నారో సార్‌కి తెలియదా ఏంటి? కాబట్టి తను సరే అన్నాకే వెళ్ళు. వద్దంటే ఆ పెన్ను తనకిచ్చెయ్, తీసుకోకపోతే వాడకుండా పెట్టెలో పెట్టు.

ఇంకొకటి. ప్రీ ఫైనల్లో దొరికితే తిట్లతో పోతుంది కానీ పబ్లిక్ పరీక్షలో అలా ఉండదు, ఆ అక్రమాల కోసం ఉమ్మడి రాష్ట్రంలో 1997లోనే 25వ నంబరు చట్టం తెచ్చారు. నేను ఇన్విజిలేషన్‌కి వెళ్ళిన ఒక సెంటర్లో స్క్వాడ్ వచ్చి, చూసి రాసిన పిల్లాడితో పాటు పేపర్ పక్కకి పెట్టి చూపించినవాణ్ణి కూడా లేపింది. రెండోవాడి మొహం ఇప్పటికీ గుర్తుంది, బాగా చదివే పిల్లాడు. పైగా అక్కడ హాల్ టికెట్ నంబర్ల ప్రకారం ఎవరు ఎక్కడ పడతారో తెలీదు, నీ ముందు బెంచీలో నీ ఫ్రెండ్ ఉండకపోవచ్చు. ఆ రెండు లెక్కలూ ఏ చాప్టర్‌వో నువ్వు రాయలేదు, త్రికోణమితి అని నా అనుమానం. తన దగ్గరే చెప్పించుకో, ఇంటర్వెల్‌లో.

ప్రశ్న: నేను ఎనిమిదో తరగతి క్లాస్ లీడర్‌ని. టీచర్ లేనప్పుడు మాట్లాడినవాళ్ళ పేర్లు బోర్డు మీద రాయాలి. మా గ్యాంగ్ వాళ్ళవి రాయను. ఒకడు జెల్ పెన్ ఇస్తే పేరు తుడిచేశాను. మొన్న నాకు పడనివాడు అసలు మాట్లాడకపోయినా రాసి, పక్కన ఇంటూ త్రీ వేశాను. టీచర్ వాణ్ణి పీరియడ్ అంతా బయట నిలబెట్టారు. వాడు నన్ను ఒక్క మాట కూడా అనలేదు. అందుకే ఇంకా ఎలాగో ఉంది.

జవాబు: తిట్టుంటే లెక్క సరిపోయేదని నీ బాధ, కదూ? వాడు తిట్టకుండా వదిలేసి ఆ లెక్క నీ దగ్గరే ఉంచాడు.

ఈ బోర్డు లిస్టు పాపంలో నాకూ వాటా ఉంది బాబూ. లీడర్ చేతిలో చాక్‌పీస్ పెట్టి స్టాఫ్ రూముకెళ్ళి టీ తాగొచ్చిన రోజులున్నాయి. తిరిగొచ్చేసరికి బోర్డు మీద కుడివైపు ఒక నిలువు గీత, దాని పక్కన వరసగా పేర్లు, కొన్నిటి పక్కన ఇంటూ టూ, ఇంటూ ఫోర్, మధ్యలో చేత్తో తుడిచేసినచోట తెల్లటి మరక. ఆ మరక కింద ఎవరి పేరుండేదని నేను ఒక్కసారి కూడా అడగలేదు. అడిగుంటే నీలాంటి లీడర్లు ఎంతమంది బయటపడేవాళ్ళో! పదమూడేళ్ళ పిల్లాడికి పోలీసు ఉద్యోగం, జడ్జి ఉద్యోగం రెండూ ఒకే చాక్‌పీస్‌తో ఇచ్చేస్తే వాడు లంచం తీసుకోవడం నేర్చుకున్నాడంటే ఆశ్చర్యమేముంది. 2009 విద్యాహక్కు చట్టం 17వ సెక్షన్ బడిలో పిల్లల్ని కొట్టడాన్నీ మానసికంగా వేధించడాన్నీ నిషేధించింది. బయట నిలబెట్టడం అందులోకి వస్తుందా రాదా అని వాదించే టీచర్లున్నారు. నా మట్టుకు నాకు ఆ పిల్లాడికి ఒక పాఠం పోయింది, తప్పు అనడానికి అది చాలు.

అయినా నీ వంతు నీదే. పైన ఆ అమ్మాయిని ఫ్రెండ్‌తో ఒక్కదానితోనే మాట్లాడమన్నాను, నీకు అలా కుదరదు. వాడి పరువు క్లాసందరి ముందు పోయింది, మళ్ళీ క్లాసందరి ముందే రావాలి. టీచర్ ఉన్నప్పుడు లేచి, "వాడు మాట్లాడలేదు టీచర్, నేను కావాలని రాశాను" అను. ఒక్క వాక్యం చాలు. "పొరపాటున" అనే మాట కలపకు, కలిపితే అది ఇంకో అబద్ధం. లీడర్ పదవి పోతే పోనీ. జెల్ పెన్ను కూడా తిరిగిచ్చెయ్, రీఫిల్ అయిపోయినా సరే.

ప్రశ్న: నేను ఏడో తరగతి. ప్రేయర్‌లో ప్రతిజ్ఞ నేనే చెప్పిస్తాను. అందులో "భారతీయులందరు నా సహోదరులు" అని ఉంది. కానీ నా బెస్ట్ ఫ్రెండ్ ఇంటి నుంచి తెచ్చినవి తినొద్దని, తనని మా వంటింట్లోకి రానివ్వొద్దని మా నానమ్మ అంటుంది. ఎందుకంటే "వాళ్ళు మనవాళ్ళు కాదు" అంటుంది. తల్లిదండ్రుల్ని, పెద్దలందరినీ గౌరవిస్తానని కూడా అదే ప్రతిజ్ఞలో ఉంది కదా టీచర్. నేను ఏ వాక్యం పాటించాలి?

జవాబు: ఇన్నేళ్ళు పొద్దుటెండలో నిలబడి ఆ ప్రతిజ్ఞ విన్నాను, ఆ రెండు వాక్యాలూ ఒకదానికొకటి అడ్డం పడొచ్చని నాకెప్పుడూ తట్టలేదు. నీకు ఏడో తరగతిలోనే తట్టింది.

ముందు ఆ ప్రతిజ్ఞ రాసినాయన గురించి చెప్తాను. పైడిమర్రి వెంకట సుబ్బారావు గారు, నల్గొండ జిల్లా అన్నెపర్తి ఆయనది. విశాఖపట్నంలో జిల్లా ట్రెజరీ అధికారిగా ఉద్యోగం చేస్తూ 1962లో, అంటే చైనాతో యుద్ధం జరిగిన ఏడాది, దాన్ని తెలుగులోనే రాశారు. 1965 జనవరి 26 నుంచి దేశమంతా చెప్పడం మొదలైంది. పాఠ్యపుస్తకం మొదట్లో ప్రతిజ్ఞ ఉండేది కానీ ఎన్నో ఏళ్ళపాటు ఆయన పేరు మాత్రం ఉండేది కాదు. మా రోజుల్లో మాకూ తెలీదు, మేం చెప్పనూ లేదు.

ఇప్పుడు తెలుగు టీచర్ని కాబట్టి నన్ను కాసేపు భరించు. ఆయన స్నేహితులు అని రాయలేదు, బంధువులు అనీ రాయలేదు. సహోదరులు అన్నారు. ఉదరం అంటే కడుపు. ఒకే కడుపున పుట్టినవాళ్ళని అర్థం. ఒకే కడుపున పుట్టినవాళ్ళలో ఒకరు వంటింట్లోకి రావచ్చు, ఇంకొకరు గుమ్మం దగ్గరే ఆగాలి అంటే ఆ మాటకి అర్థమే లేదు. ఇక రెండో వాక్యం మళ్ళీ చదువు. గౌరవిస్తాను అని ఉంది, చెప్పిందల్లా వింటాను అని ఆయన రాయలేదు.

గాంధీ గారి "కెటిల్" కథ మీకూ చెప్పే ఉంటారు. రాజ్‌కోట్ హైస్కూల్లో చదివేటప్పుడు జైల్స్ అనే ఇన్‌స్పెక్టర్ వచ్చి అయిదు ఇంగ్లీషు మాటలు రాయమన్నాడు, అందులో కెటిల్ స్పెల్లింగ్ ఈయన తప్పు రాశారు, మాస్టారు బూటుకాలితో తట్టి పక్కవాడి పలక చూడమని సైగ చేసినా చూడలేదు. అందరూ అక్కడితో ఆపేస్తారు. దాని తర్వాత ఆయన ఇంకో మాట రాసుకున్నారు, ఈ సంగతి వల్ల ఆ మాస్టారి మీద తనకు గౌరవం కాస్త కూడా తగ్గలేదని. నీకు పనికొచ్చే ముక్క అదే.

కాబట్టి నానమ్మ కాళ్ళనొప్పులకి మందు రాయి, మంచినీళ్ళు అందించు, ఆవిడ మీద గొంతు పెంచకు. ఫ్రెండ్ బాక్సులో కూర మాత్రం తిను. అడిగితే తిన్నానని చెప్పు, దాచకు. ఈ దాచడం మొదలెడితే ఏదో తప్పు చేస్తున్నట్టు నీకే అనిపించడం మొదలవుతుంది. అసలు బడిలో అందరికీ ఒకే గిన్నెలోంచి వడ్డించడంలో ఆకలి ఒక్కటే లేదమ్మా. వండిన భోజనమే పెట్టాలని సుప్రీంకోర్టు 2001లో ఆదేశించింది, వంటవాళ్ళ నియామకంలో దళితులకు ప్రాధాన్యం ఇవ్వమని 2004లో మళ్ళీ చెప్పింది. ఎవరు వండారో చూడకుండా తినే అలవాటు చిన్నప్పుడే పడితే పడినట్టు.

ఇంటి సంగతి కాస్త కష్టం. వంటిల్లు నానమ్మది, అక్కడ నీ మాట ఇప్పుడప్పుడే చెల్లకపోవచ్చు. అలాగని ఫ్రెండ్‌ని పిలిచి అరుగు మీద కూర్చోబెట్టి వేరే గ్లాసులో నీళ్ళివ్వడం లాంటివి మాత్రం చేయకు, అంతకంటే పిలవకపోవడమే నయం. నువ్వే వాళ్ళింటికి వెళ్ళు. వాళ్ళమ్మ పెడితే మారు వడ్డించుకుని తిను. నీ ఉత్తరంలో అమ్మా నాన్నా ఏమంటారో ఒక్క ముక్క లేదు. నానమ్మ మాట కంటే నన్ను కలవరపెట్టింది అది. వాళ్ళని కూర్చోబెట్టి నన్ను అడిగిన ప్రశ్నే అడుగు. ఏం చెప్పారో నాకు రాయి.

ప్రశ్న: క్యారెక్టర్ బాగుండాలంటే తెల్లవారుజామున నాలుగింటికి లేవాలని యూట్యూబ్‌లో చెప్పారు. నేను ఆరున్నరకి లేస్తాను. (ఆరో తరగతి)

జవాబు: హాయిగా పడుకో నాన్నా. నాలుగింటికి మేలుకునేవాళ్ళలో పాలవాళ్ళూ ఉన్నారు, దొంగలూ ఉన్నారు. ఆరున్నరకి లేచాక దుప్పటి ఎవరు మడత పెడుతున్నారో అది రాయి.

ప్రశ్న: మా అబ్బాయి చిన్న చిన్న అబద్ధాలు మొదలెట్టాడు మేడమ్. హోంవర్క్ చేశానంటాడు, చూస్తే చేసుండడు. నీతికథల పుస్తకాలు కొన్నాం, విలువలు నేర్పే ఆన్‌లైన్ క్లాసులో కూడా చేర్పించాం. ఇంకేం చేయాలి? (ఒక తండ్రి)

జవాబు: హోంవర్క్ సంగతి పెద్ద కష్టమేం కాదండీ. ఒక వారం రోజులు పక్కన కూర్చుని చూడండి. రాకపోవడం వల్ల చేయని పిల్లలు, రాదంటే తిడతారని, చేశామంటారు. మా బడిలో నేను చూసినంతలో బద్ధకం కంటే ఈ భయమే ఎక్కువ.

అబద్ధాల సంగతికొస్తే నాకొకటి గుర్తొస్తోంది. రిటైరయ్యే ముందు బీరువా సర్దుతుంటే పాత లీవ్ లెటర్ల కట్ట బయటపడింది. ఒక్కొక్కటీ తీసి చదివాను. అన్నిట్లోనూ జ్వరమే! శ్రావణంలో జ్వరం, మాఘంలో జ్వరం, మంచి ముహూర్తాలున్న వారమైతే ఊరు ఊరంతా జ్వరం. తప్పు మాదే, బోర్డు మీద ఆ జ్వరం లెటరే రాసి కంఠతా పట్టించింది మేమే. ఒకసారి ఒక పిల్ల మూడు రోజుల తర్వాత బడికొచ్చి అలాంటి లెటరే చేతికిచ్చింది. కింద వాళ్ళ నాన్నగారి సంతకం. ఇచ్చిన చేతులు రెండూ గోరింటాకుతో ఎర్రగా పండి ఉన్నాయి. "జ్వరం తగ్గిందా అమ్మా?" అన్నాను. గబుక్కున చేతులు వెనక్కి దాచేసుకుంది. చేతులైతే దాచుకుంది గానీ సంతకం నా చేతిలోనే ఉంది కదా.

మీ వాడి లీవ్ లెటర్ల మీద సంతకాలు ఎవరు పెడుతున్నారో, అందులో ఏముందో ఒకసారి చూసుకోండి. ఈసారి పెళ్ళికి తీసుకెళ్తే పెళ్ళనే రాయించండి, ఎవరి పెళ్ళో కూడా. దానికి సెలవివ్వనన్న టీచర్ ఎవరైనా ఉంటే నాకు ఉత్తరం రాయండి, ఆవిడతో నేను మాట్లాడతాను.