శంకువు కన్నా స్థూపం మూడు రెట్లు ఎక్కువా?

సందేహం: మా అమ్మాయి లెక్కల నోట్సులో 'శంకువు ఘనపరిమాణం కన్నా స్థూపం ఘనపరిమాణం మూడు రెట్లు ఎక్కువ' అని ఉంది. (శంకువంటే కోన్, స్థూపమంటే సిలిండర్.) ఇది సరైన తెలుగేనా? శంకువు 'మూడు రెట్లు తక్కువ' అనొచ్చా?

సమాధానం: మీ అమ్మాయికి లెక్క వచ్చండీ, తేడా వాక్యంలోనే ఉంది. రెండింటికీ అడుగు వెడల్పు ఒకటే, ఎత్తూ ఒకటే అయితే శంకువు నిండా నీళ్లు ముంచి మూడుసార్లు పోస్తే స్థూపం సరిగ్గా నిండుతుంది, కాబట్టి 'స్థూపం ఘనపరిమాణం శంకువు ఘనపరిమాణానికి మూడు రెట్లు' అంటే చాలు, 'ఎక్కువ' అక్కర్లేదు. చిక్కంతా 'కన్నా' దగ్గరే. 'అన్నయ్య నాకన్నా మూడేళ్లు పెద్ద' అంటే నా వయసుకు మూడు కలపాలి, 'పాలమనిషి సోల కన్నా గిద్ద ఎక్కువ పోసింది' అంటే సోలెడు పోసి ఆపైన ఇంకో గిద్దెడు పోసిందని (సోల, గిద్ద పాత కొలతలు). అదే వరసలో 'శంకువు కన్నా మూడు రెట్లు ఎక్కువ' అంటే ఒక శంకువు, దానిమీద ఇంకో మూడు, మొత్తం నాలుగైపోతాయి! రెట్లకు నప్పే విభక్తి 'కు'. సోలకు రెట్టింపు తవ్వ, తవ్వకు రెట్టింపు మానిక.

'మూడు రెట్లు తక్కువ' అసలే వద్దు. స్థూపంలోంచి ఒక్క రెట్టు తీసేస్తేనే ఏమీ మిగలదు, ఇంక మూడు ఎక్కడినుంచి తీస్తాం? 'మూడో వంతు' అనే చక్కటి మాట ఉంది కదా. క్రీ.శ. 628లో గణితవేత్త బ్రహ్మగుప్తుడు కూడా అడుగుకు పోనుపోను సన్నబడే గుంట ఘనఫలం కోసం మూడుతో భాగించమనే చెప్పాడు. ఒక్క జాగ్రత్త మాత్రం కావాలి: 'బిందె మూడొంతులు నిండింది' అంటే మన ఇళ్లలో ముప్పావు నిండిందని అర్థం, మూడో వంతు అని కాదు. అందుకే గోళం ఘనపరిమాణం దగ్గరికొచ్చేసరికి, అది సరిగ్గా పట్టే స్థూపంలో 'మూడింట రెండు వంతులు' అని పూర్తిగా రాయమనండి, ఆ 'మూడింట' వదిలేస్తే అర్థం గల్లంతవుతుంది.

'దీనికి రెట్టింపు పెద్ద పెట్టె' అనేదీ ఇలాంటి మాటే. రెట్టింపు దేనికి, భుజానికా, పట్టే సరుక్కా? సమఘనం భుజం రెట్టింపైతే ఘనపరిమాణం ఎనిమిది రెట్లవుతుంది. ఇక్కడ కూడా 'ఎనిమిది రెట్లు పెరుగుతుంది' అనకండి, పెరిగేది ఏడు రెట్లే.