బ్యాటరీని చంపుతున్నదేదో ముందు పట్టుకో

చిరంజీవి అల్లుడికి ఆశీస్సులు.

ఛార్జింగ్ లేదని వచ్చిన మోటారు సైకిళ్లకు కొత్త బ్యాటరీ వేసి పంపితే, నెల తిరక్కుండా మళ్లీ నీ షాపు ముందే ఆగుతున్నాయని ఫోనులో చెప్పావు. ఇలాంటి విషయం నోటిమాటగా చెబితే సగం గాలికి పోతుంది. అందుకే రాస్తున్నాను, దగ్గర పెట్టుకో.

కొత్త బ్యాటరీ నెలలో చచ్చిందంటే దాన్ని చంపినది ఆ బండిలోనే ఉంది. అది దొరక్కుండా ఇంకో బ్యాటరీ అమ్మితే కస్టమర్ డబ్బూ పోతుంది, నీ పేరూ పోతుంది. వోల్టులు, ఆంపియర్లు, ఓమ్స్ కొలిచే మల్టీమీటర్ చేతిలోకి తీసుకోకుండా ఒక్క స్పేరు కూడా మార్చకు.

మొదట బ్యాటరీ సంగతి. బండి ఆపిన వెంటనే కొలిస్తే మీటరు అబద్ధం చెబుతుంది. కొన్ని గంటలు ఆగాలి, అంత తీరిక లేకపోతే ఇండికేటర్లు రెండు నిమిషాలు వేసి ఆపి, ఆ తర్వాత కొలువు. 12.6 నుంచి 12.8 వోల్టులు ఉంటే నిండుగా ఉన్నట్టు. 12 కన్నా దిగితే దాదాపు ఖాళీ. ఖాళీ బ్యాటరీతో మిగతా పరీక్షలు చేయడం దండగ. ముందు బయట ఛార్జరుకు పెట్టు. 9 ఏహెచ్ (ఆంపియర్ అవర్) బ్యాటరీకి 0.9 ఆంపియర్లు చాలు, తొందరపడి ఎక్కువ కరెంటు ఇవ్వకు. ఎంత పెట్టినా 10.5 దగ్గరే ఆగిపోతే ఒక సెల్ పోయినట్టే. నిండా ఛార్జయిన బ్యాటరీ సెల్ఫ్ నొక్కినప్పుడు 9.5 కన్నా కిందికి పడిపోతే అది కూడా పనికిరాదు. కానీ అంతకుముందే రెండు టెర్మినల్స్ విప్పి, తెల్లగా పట్టిన పొడి గీకి, గట్టిగా బిగించి మళ్లీ చూడు. విప్పేటప్పుడు నెగటివ్ ముందు, బిగించేటప్పుడు పాజిటివ్ ముందు.

ఇప్పుడు ఇంజిన్ స్టార్ట్ చేసి, మీటరు బ్యాటరీ మీదే ఉంచి, రేస్ నిమిషానికి 4000, 5000 చుట్ల దాకా పెంచు. 13.8 నుంచి 14.5 మధ్య నిలబడితే ఛార్జింగ్ బాగుంది. అంకె కదలకపోతే కరెంటు బ్యాటరీ దాకా రావడం లేదు. 15 దాటిపోతుంటే, వోల్టేజ్‌ను అదుపులో ఉంచే రెగ్యులేటర్ పగ్గం వదిలేసింది. నీళ్లు పోసే బ్యాటరీలో నీళ్లు మాటిమాటికీ తగ్గిపోవడానికి, బల్బులు ఊరికే మాడిపోవడానికి చాలాసార్లు ఇదే కారణం.

కరెంటు రావడం లేదంటే నేరుగా రెగ్యులేటర్ మార్చేయాలనిపిస్తుంది. ఆగు. ముందు మాగ్నెట్ వైపు నుంచి, అంటే ఇంజిన్ పక్కన కరెంటు పుట్టే చోటి నుంచి, వచ్చే వైర్ల కప్లర్ (ప్లాస్టిక్ జాయింటు) పట్టుకో. ఈ రోజుల్లో చాలా బళ్లలో అక్కడ ఒకే రంగు వైర్లు మూడు ఉంటాయి, ఎక్కువగా పసుపు. అన్నిటికన్నా ఎక్కువసేపు చూడాల్సిన చోటు ఇదే. తెల్లని ప్లాస్టిక్ గోధుమ రంగుకు తిరిగిందా, ఒక పిన్ను నల్లబడిందా, వైరు వంచితే ఎండుపుల్లలా బిరుసుగా ఉందా? పిన్ను వదులైతే అక్కడ వేడి పుడుతుంది, వేడికి పిన్ను ఇంకా వదులవుతుంది, చివరికి ప్లాస్టిక్ కరిగి రెండు వైర్లు అంటుకుంటాయి. మంచి స్టేటర్లు (మాగ్నెట్ దగ్గర కరెంటు పుట్టించే కాయిల్స్), మంచి రెగ్యులేటర్లు ఈ ఒక్క కప్లర్ వల్ల చెత్తబుట్ట పాలవుతున్నాయి. చూస్తే బాధేస్తుంది. కప్లర్ కాలితే వైర్లు మెలిపెట్టి టేపు చుట్టకు. రాగి మెరిసేదాకా వైరు కోసి, కొత్త టెర్మినల్స్ సరైన ప్లయర్‌తో నొక్కి, కొత్త కప్లర్ వెయ్యి.

కప్లర్ విప్పి ఉండగానే స్టేటర్‌ను కొలిచెయ్యి. ఇంజిన్ ఆపి, మూడు వైర్లలో రెండేసి మధ్య ఓమ్స్, అంటే కరెంటుకు అడ్డు ఎంతుందో, చూడు. ఒక ఓమ్ లోపే ఉండాలి, మూడు జతలూ సమానంగా ఉండాలి. మీటరు వైర్లకూ కొంత ఓమ్స్ ఉంటుంది, వాటి మొనలు రెండూ కలిపి చూసి ఆ అంకె తీసెయ్యి. తర్వాత ఒక్కో వైరుకూ ఇంజిన్ బాడీకీ మధ్య చూడు. అక్కడ ఏ అంకే రాకూడదు. వస్తే కాయిల్ ఇంజిన్ బాడీకి తగిలి ఎర్త్ అయింది. ఇక ఇంజిన్ స్టార్ట్ చేసి, మీటరు ఏసీ 200 మీద పెట్టి, మూడు జతలూ కొలువు. రేస్ పెంచితే చాలా బళ్లలో 50 వోల్టులు దాటుతుంది, వేళ్లు తగలనివ్వకు. బండిని బట్టి అంకె మారుతుంది, చూడాల్సింది మూడూ సమానంగా పెరుగుతున్నాయా అని. రెండు 60 ఉండి ఒకటి 20 దగ్గర ఆగితే కవర్ విప్పు, కాయిల్ ఒక పక్క నల్లగా మాడి ఉంటుంది. చల్లగా ఉన్నప్పుడు బాగానే కొలతలిచ్చి, ఇంజిన్ వేడెక్కాక ఎర్త్ అయ్యే కాయిల్స్ కూడా ఉంటాయి. అనుమానముంటే బండి ఒక చుట్టు తిప్పి వచ్చి మళ్లీ కొలువు.

పాత 100 సీసీ బళ్ల సంగతి వేరు. చాలావాటిలో హెడ్‌లైట్‌కు ఒక కాయిల్, ఛార్జింగ్‌కు ఇంకోటి. రేస్ తగ్గితే లైటు మసకబారేది అందుకే, దానికి బ్యాటరీని తిట్టకు.

స్టేటర్ మంచిదని తేలితే, ఇంజిన్ నడుస్తుండగా మీటరు డీసీ మీద పెట్టి ఒక మొన రెగ్యులేటర్ అవుట్‌పుట్ వైరు మీద, రెండోది బ్యాటరీ పాజిటివ్ మీద ఉంచు. 0.2 వోల్టులకు మించి తేడా ఉంటే మధ్యలో వైరో ఫ్యూజో కరెంటు తినేస్తోంది. రెగ్యులేటర్ ఎర్త్‌కూ బ్యాటరీ నెగటివ్‌కూ మధ్య ఇదే పరీక్ష చెయ్యి. రెండూ బాగుంటేనే రెగ్యులేటర్ దోషి. అది పోవడానికీ కారణం వెతుకు. చాలా బళ్లలో ఇది మిగిలిన కరెంటును ఎర్త్‌కు మళ్లించి వేడిగా మార్చేస్తుంది. దాన్ని చల్లబరిచే రెక్కల మధ్య బురద గడ్డకట్టినా, గాలి తగలని చోటికి మార్చి బిగించినా కాలిపోతుంది.

ఛార్జింగ్ 14 ఉండి కూడా పొద్దున్నే సెల్ఫ్ తీసుకోకపోతే, కరెంటు ఎక్కడో కారుతోంది. తాళం తీసేసి, నెగటివ్ వైరు విప్పి, ఆ వైరుకూ బ్యాటరీకీ మధ్య మీటరును 10 ఆంపియర్ల సాకెట్‌లో కలుపు. కొన్ని మిల్లీ ఆంపియర్లు మామూలే. ఎక్కువుంటే అలారం, జీపీఎస్ ట్రాకర్, ఫోన్ ఛార్జర్ ఒక్కొక్కటే తీసి చూడు. రెగ్యులేటర్ కప్లర్ కూడా విప్పి చూడడం మరవకు. మీటరు ఆ స్థితిలో ఉండగా సెల్ఫ్ నొక్కితే మీటరు ఫ్యూజు పోతుంది.

అదనపు లైట్ల గురించి కస్టమర్‌కు నిక్కచ్చిగా చెప్పు. 2017 ఏప్రిల్ నుంచి కొత్త బళ్లలో హెడ్‌లైటు ఎప్పుడూ వెలుగుతూనే ఉంటుంది. దానికి తోడు 55 వాట్ల లైట్లు రెండు బిగిస్తే ఇంకో 9 ఆంపియర్లు కావాలి. చిన్న బండి మాగ్నెట్‌కు అంత శక్తి లేదు.

ఇంజిన్ నడుస్తుండగా బ్యాటరీ వైరు పీకి ఛార్జింగ్ చూసే పాత పద్ధతి నీ షాపులో ఎవరినీ చేయనివ్వకు. వోల్టేజ్ ఒక్కసారిగా ఎగసి, ఫ్యూయల్ ఇంజెక్షన్ బండిలో ఇంజిన్‌ను నడిపించే కంప్యూటర్, ఈసీయూ, పోవచ్చు.

స్టేటర్ మార్చినప్పుడు కవర్‌కు కొత్త గ్యాస్కెట్ వెయ్యి, మాగ్నెట్‌కు అంటుకున్న ఇనుప రజను తుడువు, వైర్లు బయటికి వచ్చే చోట రబ్బరు సరిగ్గా కూర్చోబెట్టు, లేకపోతే అక్కడి నుంచి ఆయిల్ కారుతుంది. పని అయ్యాక బండి పది నిమిషాలు నడిపి, హెడ్‌లైటు, బ్రేక్ లైటు వెలుగుతుండగా వేడి మీదే మళ్లీ కొలువు. ఆ వోల్టేజ్ బిల్లు మీద రాసి ఇవ్వు. అదే బండి మళ్లీ వస్తే ఎక్కడి నుంచి మొదలుపెట్టాలో నీకు తెలుస్తుంది.

ఆశీస్సులతో,
మీ మామయ్య