9 నెలల పాప దించితే చాలు ఏడుపు

వాళ్లమ్మ పనికి వెళ్తే పగలు పాపను చూసుకునే మీరు, 2 వారాలైనా ఏడుపు ఆగట్లేదు, ఎత్తుకుంటేనే ఊరుకుంటోంది, ఏం చేయాలి అని అడిగారు. చాలామటుకు అది అమ్మ కోసం బెంగ. ఈ వయసులో మామూలే, ఏడాది దాటాక కూడా కొందరిలో ఉంటుంది.

అందరూ పట్టించుకోనిది పొద్దున పాపను మీకు అప్పగించే నిమిషం. పాప బొమ్మ చూస్తుంటే వాళ్లమ్మ చల్లగా జారుకుంటోందా? ముందు అది మాన్పించండి. అలా మాయమైతే పాప రోజంతా తలుపు వైపే చూస్తుంది, మీ చంక కూడా దిగదు. చెప్పే వెళ్లాలి. ఒక ముద్దు, టాటా, అంతే. రోజూ అదే వరస. ఆ కాసేపు ఏడుపు హెచ్చుతుంది, హెచ్చనివ్వండి. గుమ్మంలో నిలబడి సాగదీస్తేనే (తల్లి మనసు కదా, సాగదీస్తారు) ఇంకా కష్టం.

1. దించే ముందు చెప్పి దించండి, పక్కనే కూర్చోండి. లేచి వెళ్లినా మీ గొంతు వినిపిస్తూ ఉండాలి.
2. మేలుకుని 3 గంటలవుతుంటే పడుకోబెట్టండి. వెక్కుతూ కళ్లు నులిమేదాకా ఆగితే ఆలస్యమైనట్టే.
3. మీకే ఓపిక నశిస్తే తొట్టిలో వెల్లకిలా పడుకోబెట్టి, కొన్ని నిమిషాలు పక్క గదిలోకి వెళ్లండి. విసుగులో పిల్లను కుదపడం మాత్రం ఎప్పుడూ వద్దు.
4. జ్వరం, వాంతులు, పాలు తాగకపోవడం, ఏడుపు గొంతే మారడం: వెంటనే వాళ్లమ్మకు ఫోన్ చేయండి.