లోగన్ మీద నీ వ్యాసం చదివాక

అమ్మాయీ,

అమెరికా అంతర్యుద్ధంలో ఉత్తరాది సేనాని అయిన జాన్ లోగన్ మీద నువ్వు రాసిన వ్యాసం రెండుసార్లు చదివాను, రెండోసారి ఎర్ర పెన్ను పట్టుకుని. భాష బాగుంది. ఫోర్ట్ డోనెల్సన్ కోట పోరులో ఆయన గాయపడిన ఘట్టం కళ్లకు కట్టింది. 1853 దగ్గర మాత్రం ‘యౌవనంలో ఆయన అభిప్రాయాలు వేరుగా ఉండేవి’ అని ఒక్క ముక్క రాసి దాటేశావు. నా పేచీ దానితోనే.

ఆ అభిప్రాయాలేమిటో చెప్పవద్దూ! ఇరవై ఏడేళ్లు నిండీ నిండని ప్లీడరు, ఇల్లినాయ్ శాసనసభకు కొత్తగా ఎన్నికైనవాడు, ఒక బిల్లు తెచ్చి నెగ్గించుకున్నాడు. బయటి నుంచి వచ్చిన నల్లజాతి మనిషి ఆ రాష్ట్రంలో పది రోజులకు మించి ఉంటే నేరం. జరిమానా 50 డాలర్లు. కట్టలేకపోతే వేలం వేస్తారు. ఆ డబ్బు తాను కట్టి, అందుకు బదులుగా అందరికన్నా తక్కువ కాలం చాకిరీ చాలన్నవాడికి మనిషిని అప్పగిస్తారు. బానిసత్వం లేని రాష్ట్రంలో ఇది! 1865 దాకా ఆ చట్టం రద్దు కాలేదు. పది రోజులు, 50 డాలర్లు అని రాసి చూడు, వేలంపాట నీకే వినిపిస్తుంది.

ఎందుకు దాటేశావో నాకు తెలుసు. నీ నాయకుడి మీద పాఠకుడికి మనసు విరుగుతుందని భయం. మా ఊరి పెద్ద ప్లీడరు జీవితం రాసినప్పుడు నేనూ ఒక భూమి తగాదాను అలాగే మింగేశాను. పుస్తకం చదివి ఆయన మనవరాలు, ‘తాతయ్యను గోడ మీద పటంలా చేశారండీ’ అంది. అది మెచ్చుకోలు అనుకుని నెల రోజులు మురిసిపోయాను.

ఇంకొకటి. ఆయన ప్రాసిక్యూటరుగా ఉన్న రోజుల్లో అభియోగపత్రాలు నింపడంలో భార్య మేరీ సాయపడేదన్న సంగతిని అధోసూచికలో పడేశావు. తండ్రి దగ్గర చిన్ననాడే కాగితాల పని నేర్చిన పిల్ల, మొగుడి పక్కన కూర్చుని నేరాల పత్రాలు పూరిస్తోంది. చిన్న ఊరి వకీలు బతుకు చూపించడానికి నీకు అంతకన్నా ఏం కావాలి? పైకి తీసుకురా.

అంతర్యుద్ధం మొదలైన 1861 దగ్గర తొందరపడ్డావు. దక్షిణ ఇల్లినాయ్‌లో ఎక్కువ కుటుంబాలకు పుట్టిల్లు బానిసత్వం ఉన్న కెంటకీ, టెనెసీ. లోగన్ బావమరిదే దక్షిణాది సైన్యంలో చేరాడు. అలాంటి చోట మారియన్ ఊరి కూడలిలో నిలబడి యూనియన్ పక్షాన, అంటే ఉత్తరాది తరఫున, సైనికులను పిలవడం మాటలా? అక్కడ ఆగు. వాళ్లతోనే 31వ ఇల్లినాయ్ రెజిమెంటు కట్టాడు.

అట్లాంటా యుద్ధానికి నాలుగు పేజీలు అక్కర్లేదు, ఒకటి చాలు. 1864 జులై 22న సేనాధిపతి మెక్‌ఫెర్సన్ చనిపోతే సైన్యాన్ని నిలబెట్టింది లోగన్. అయినా పై అధికారి షెర్మన్ ఆ సేనాధిపతి పదవిని హోవార్డ్ అనే మరో జనరల్‌కు ఇచ్చాడు. లోగన్ వెస్ట్ పాయింట్ సైనిక కళాశాలలో చదవలేదు, పైగా రాజకీయ నాయకుడు. ఆయన తన పాత దళానికి తిరిగి వెళ్లి పని చేసుకున్నాడు. తుపాకుల మోతకన్నా ఆ తిరుగు ప్రయాణం మీద మనసు పెట్టు.

యుద్ధం తర్వాత ఇదే మనిషి నల్లవారి ఓటు హక్కు కోసం వాదించాడు. ‘యుద్ధం ఆయన కళ్లు తెరిపించింది’ అని రాశావు. ఎవరు చెప్పారు నీకు? గాలి ఎటు వీస్తోందో చూసుకుని మారి ఉండవచ్చు, నిజంగా మనసే మారి ఉండవచ్చు. పాత వేలం చట్టాన్నీ కొత్త ప్రసంగాన్నీ పక్కపక్కన పెట్టి నువ్వు తప్పుకో. మధ్యలో వంతెన కట్టకు.

ఇక 1868లో అమరవీరుల సమాధుల మీద పూలు చల్లమన్న ఆయన ఉత్తర్వుతో వ్యాసం మొదలుపెట్టావు. అది తీసి ఎక్కడైనా మధ్యలో పెట్టు.

దసరా లోపు తిరగరాసి పంపు. ఈసారి పేజీకి ఒకవైపే రాయి, వెనక సిరా ఇవతలికి దిగి నా కళ్లకు ఆనడం లేదు.

ఆశీస్సులతో,
మాస్టారు