మేనల్లుడికి: ముందు పిడి, తర్వాతే హోల్‌స్టర్

విజయనగరం

చిరంజీవి సూర్యానికి,

మావయ్య ఆశీస్సులు. మీ నాన్నగారి రివాల్వర్ లైసెన్సు నీ పేరుకి మారిందని అక్క చెప్పింది. పిడి చెక్క పగిలిందనీ, నడుముకి పెట్టుకునే ఒర, అదే హోల్‌స్టర్, లేదనీ, దుకాణంలో ఏ గన్ను అని అడిగితే ‘పాయింట్ 32’ అన్నావనీ కూడా చెప్పింది. ఆ ఒక్క మాట పట్టుకుని బయల్దేరితే డబ్బు దండగ. పాయింట్ 32 అన్నది తూటా లెక్క. హోల్‌స్టర్‌కి కావలసింది ఆయుధం పైరూపం, పిడికి కావలసింది దాని లోపలి ఫ్రేము. మనదేశంలో పాయింట్ 32 పేరుతో రివాల్వరూ ఉంది, పిస్టలూ ఉంది. వాటి తూటాలు కూడా ఒకటి కాదు. రివాల్వర్‌ది 7.65×23 మిల్లీమీటర్లు, పిస్టల్‌ది 7.65×17.

ఏ పని మొదలుపెట్టినా ముందు ఖాళీ చెయ్యి. పిల్లలు లేని గదిలో, మూతి గోడ వైపో నేల వైపో పెట్టి, వేలు ట్రిగ్గర్‌కి దూరంగా ఉంచి తెరువు. ఎడమ పక్క బొటనవేలికి అందే గడియ (లాచ్) నొక్కితే బ్యారెల్ ముందుకి వంగి తూటాలు పైకి లేస్తే అది వెబ్లీ కంపెనీ పద్ధతి. తూటాలు కూర్చునే గుండ్రటి సిలిండర్ ఎడమ పక్కకి బయటికొస్తే స్మిత్ అండ్ వెస్సన్, కోల్ట్ పద్ధతి. స్మిత్‌కి లాచ్ ముందుకి తొయ్యాలి, కోల్ట్‌కి వెనక్కి లాగాలి. ఎటూ కదలకపోతే బలవంతం చెయ్యకు, అలాగే లైసెన్సున్న డీలరు దగ్గరికి తీసుకెళ్ళు. సిలిండర్లో గదులన్నిటికీ వేలు పెట్టి తడుముకో. తీసిన తూటాల్ని వేరే గదిలో తాళం వేసి, ఆ తర్వాతే కొలతలకి కూర్చో.

ఇప్పుడు అది ఎవరు చేసిందో చూడు. లైసెన్సు పుస్తకంలో తయారీదారు, బోరు (గొట్టం లోపలి కొలత), నంబరు రాసి ఉంటాయి. ఆయుధం మీద ఫ్రేము ఎడమ పక్క, బ్యారెల్ పైపట్టీ, పిడి అడుగు చూడు. పాయింట్ 32 కాబట్టి కాన్పూర్‌లో ప్రభుత్వ ఆర్డినెన్స్ ఫ్యాక్టరీ చేసిందే అనుకోకు. వెబ్లీ వాళ్ళూ, స్మిత్ వాళ్ళూ, కోల్ట్ వాళ్ళూ అదే బోరులో చేశారు. మన ఫ్యాక్టరీది వెబ్లీ మార్క్ 4 నమూనా మీద వచ్చిన ఆరు తూటాల రివాల్వర్. బ్యారెల్ దాదాపు 3 అంగుళాలు, బరువు సుమారు 700 గ్రాములు. నీ చేతిలో ఉన్నది దీనికి దగ్గరగా ఉంటే సగం పని తేలికైనట్టే. కాన్పూర్ నుంచే 2014లో వచ్చిన నిర్భీక్ అనే తేలిక రివాల్వర్ అయితే సుమారు 500 గ్రాములే తూగుతుంది, పెద్దదాని హోల్‌స్టర్ దానికి పనికిరాదు.

పిడి సంగతి ముందు తేల్చు. పిడి లావు మారితే ఒంటి పక్కన ఆయుధం ఒదిగే తీరు మారుతుంది, హోల్‌స్టర్ పట్టీ ఎక్కడ పడాలో కూడా మారుతుంది. ముందు హోల్‌స్టర్ కుట్టించి తర్వాత పిడి మార్చినవాళ్ళు రెండోసారి కుట్టించుకోవాల్సిందే.

పాత చెక్కలు విప్పేటప్పుడు స్క్రూ గాడిలో ఖాళీ లేకుండా కూర్చునే స్క్రూడ్రైవరు వాడు. మామూలు ఇంటి స్క్రూడ్రైవరు కొన వాలుగా ఉంటుంది, జారి గాడిని చెక్కేస్తుంది. స్క్రూ పూర్తిగా తియ్యకు. మూడు నాలుగు తిప్పులు వదులు చేసి, దాని తల మీద స్క్రూడ్రైవరు పిడితో మెల్లగా తట్టు. అవతలి చెక్క దానంతటదే లేస్తుంది. అంచున కత్తి దూర్చి పీకితే చెక్క పెచ్చు ఊడుతుంది, మెటల్ గీరుకుపోతుంది. పాత ఇంగ్లండ్ రివాల్వరైతే ఆ స్క్రూ మర మెట్రిక్ కొలతది కాదు. బజారు స్క్రూ బలవంతంగా ఎక్కిస్తే మర పోతుంది. అసలు స్క్రూని చిన్న డబ్బాలో పెట్టి దాచు.

కొత్త చెక్కకి కావలసినవి మూడు: ఫ్రేము ఆకారం, స్క్రూ రంధ్రం జాగా, చెక్క కదలకుండా పట్టే చిన్న పిన్ను జాగా. బయటికి ఒకేలా కనిపించే చెక్కలు ఈ పిన్ను దగ్గరే తేడా కొడతాయి. ఒక మిల్లీమీటరు తప్పినా చెక్క ఆడుతుంది. ఆడే చెక్కని స్క్రూతో బిగించి ఆపుదామంటే రంధ్రం దగ్గర పగులుతుంది. మీ నాన్నగారి రివాల్వర్ చెక్క పగిలింది కూడా రంధ్రం దగ్గరేనా చూడు. అక్కడే అయితే కారణం బహుశా ఇదే.

రెడీమేడ్ చెక్క దొరక్కపోతే చేయించుకో. బాగా ఆరిన జిట్రేగి, లేదా పండిన టేకు మంచిది. పచ్చి చెక్క మన వానాకాలం తేమకి ఉబ్బి, ఎండాకాలంలో ముడుచుకుంటుంది. కానీ ఆయుధాన్ని వడ్రంగి దగ్గర వదిలి రాకూడదు, గంట సేపైనా సరే. లైసెన్సు నీ ఒక్కడికే. పాత చెక్కలు ఇవ్వు, వాటిని చూసి చేస్తాడు. చివరి సవరింపు ఇంట్లో నువ్వే చేసుకో: ఫ్రేముకి పలచగా కాటుక పూసి చెక్కని ఆనించి తియ్యి. నల్లగా అంటిన చోటే ఎత్తుగా ఉందని అర్థం, అక్కడ మాత్రమే గీకు. మళ్ళీ ఆనించు. విసుగొచ్చే పనే, కానీ దీనికి దగ్గరిదారి లేదు. చెక్క లోపలి పక్క స్ప్రింగుకి తగలకుండా గుల్ల ఉందో లేదో తప్పకుండా చూడు. తగిలితే తూటాని కొట్టే హ్యామర్ దెబ్బ బలం తగ్గి తూటా పేలకపోవచ్చు. చెక్క పట్టలేదని ఫ్రేముని మాత్రం ఎప్పుడూ ఆకురాయి పెట్టకు. పిడి అడుగున నంబరుంటే దాన్ని కప్పేసే లావు పిడి వద్దు, రెన్యువల్‌లో నంబరు చూపించాలి. నంబరు చెరిగితే 1959 ఆయుధాల చట్టం కింద నేరమే అవుతుంది.

లావెంత ఉండాలంటే, పిడి పట్టుకున్నప్పుడు చూపుడువేలు మొదటి కణుపు లోపలి మెత్తటి భాగం ట్రిగ్గర్ మీద పడాలి. వేలికొన మాత్రమే అందితే పిడి లావు ఎక్కువ, రెండో కణుపు దాకా దూరిపోతే తక్కువ.

ఇక హోల్‌స్టర్. రివాల్వర్‌ని గోధుమరంగు కాగితం మీద కుడి పక్కకి పడుకోబెట్టి చుట్టూ గీత గియ్యి. పెన్సిల్ నిలువుగా పట్టుకో. కొన లోపలికి వాలితే బొమ్మ చిన్నదైపోయి, హోల్‌స్టర్ బిగుతుగా వస్తుంది. బొమ్మ పక్కన రాయాల్సినవి: సిలిండర్ ముందు అంచు నుంచి మూతి దాకా బ్యారెల్ పొడవు, సిలిండర్ దగ్గర అత్యధిక మందం, గురి చూసే ముందు సైటుతో కలిపి మూతి దగ్గర ఎత్తు, నీ బెల్టు వెడల్పు, ఏ చేతివాటమో. పిస్టలైతే బ్యారెల్ పొడవు తూటా కూర్చునే వెనక అంచు నుంచి కొలుస్తారు, అది గుర్తుంచుకో. అమ్మేవాడికి ఈ కాగితం పంపు. నంబరు కనిపించే ఫొటో ఎవరికీ పంపకు.

పాత ఆర్మీ గుడ్డ హోల్‌స్టర్లు అక్కడక్కడా చవగ్గా దొరుకుతాయి. అవి 5 అంగుళాల బ్యారెల్ ఉన్న పాయింట్ 38 రివాల్వర్లకి చేసినవి. నీది 3 అంగుళాలైతే అందులో ఊగుతుంది. ‘అన్నిటికీ పడుతుంది’ అని అమ్మే నైలాన్‌వి నాకు ఇష్టం లేదు. అన్నిటికీ పట్టేది దేన్నీ బిగించి పట్టదు. ప్లాస్టిక్ అచ్చువి ఏ మోడల్‌కి చేస్తే దానికే. గ్లాక్ పిస్టల్‌కి చేసింది నీ రివాల్వర్‌కి పనికిరాదు. అందుకని తోలుదే కుట్టించుకోమంటాను.

తోలు 3 మిల్లీమీటర్ల మందం ఉండాలి, బెరడుతో పదును చేసిందై ఉండాలి. క్రోమ్ రసాయనంతో పదును చేసిన తోలులో మిగిలిన లవణాలు మెటల్‌ని తింటాయి, పైగా తడిపి అచ్చు పొయ్యడానికి అది లొంగదు. కుట్టేవాడికి కూడా ఆయుధం ఇవ్వకూడదు కాబట్టి, కాగితం బొమ్మ, కొలతలు చూపించి వడ్రంగి చేత చెక్క నమూనా చేయించు. తోలుని గోరువెచ్చని నీళ్ళలో తడిపి, నమూనా మీద వేళ్ళతో అదిమి, ఒక రోజంతా నీడలో ఆరబెట్టాలి. ఎండలో పెడితే ముడుచుకుని పగులుతుంది. ట్రిగ్గర్ గార్డు మొత్తం తోలు లోపలే ఉండాలి, బయటి నుంచి నొక్కినా ట్రిగ్గర్ కదలకూడదు. ఆయుధం దూర్చే హోల్‌స్టర్ నోటి దగ్గర రెండో పొర తోలు కుట్టించు, లేకపోతే కొన్నాళ్ళకి అంచు లోపలికి ముడుచుకుంటుంది. ఆయుధం తిరిగి పెట్టేటప్పుడు ఆ మడత ట్రిగ్గర్ గార్డులో దూరి తూటా పేలిన సందర్భాలున్నాయి. నీ రివాల్వర్ వంగే రకమైతే లాచ్ ఎడమ పక్క ఉంటుంది, కుడి నడుముకి పెట్టుకుంటే అది ఒంటి వైపు వస్తుంది. అక్కడ తోలు కొంచెం వదులుగా వదలాలి. ముందు సైటుకి గాడి, హ్యామర్ మీదుగా బొటనవేలితో విప్పుకునే పట్టీ, బెల్టు దూర్చడానికి సరిపడే లూపులు ఉండాలి. 38 మిల్లీమీటర్ల బెల్టుకి 50 మిల్లీమీటర్ల లూపు పెడితే రాజాం వెళ్ళేలోగా బండి మీద వెనక్కి జరిగిపోతుంది.

కుట్టించాక ఖాళీ ఆయుధంతో పరీక్షించు. పట్టీ వేసి పరుపు మీద తలకిందులు చేసి ఊపు, పడకూడదు. కుర్చీలో, బండి మీద కూర్చుని చూడు. పట్టీ విప్పగానే మూడు వేళ్ళూ పిడి చుట్టూ పూర్తిగా పట్టాలి. బిగుతుగా ఉంటే ఖాళీ ఆయుధాన్ని పలచని ప్లాస్టిక్ కవరులో చుట్టి, హోల్‌స్టర్లో పెట్టి, రాత్రంతా బీరువాలో తాళం వేసి ఉంచు. ఆముదం, కొబ్బరినూనె పూయకు, మెత్తబడితే అచ్చు పోతుంది. 2016 ఆయుధాల నియమాల ప్రకారం బయట హోల్‌స్టర్ ఒంటికి తగిలించుకుని, ఆయుధం పూర్తిగా కప్పబడి, నీ అదుపులో ఉండాలి. కాబట్టి పైన చొక్కా వదులుగా వేసుకునే అలవాటు చేసుకో.

ఇంటికి రాగానే హోల్‌స్టర్లోంచి తీసెయ్యి. కళింగపట్నం, బారువ వైపు ఉప్పుగాలికి తోలు తేమ పీల్చుకుని మెటల్‌కి పట్టిస్తుంది, వానాకాలంలో అయితే మరీ త్వరగా తుప్పు మరకలొస్తాయి. పొడిగుడ్డతో తుడిచి, గన్ ఆయిల్ పలచగా రాసి, సిలికా జెల్ పొట్లంతో పెట్టెలో ఉంచు. ఎన్నికలప్పుడు స్టేషన్లో డిపాజిట్ చెయ్యమంటే కూడా హోల్‌స్టర్ ఇంట్లో ఉంచుకుని, నూనె రాసిన ఆయుధమే ఇచ్చి రసీదు తీసుకో. నెలల తరబడి అక్కడే ఉండిపోవచ్చు.

కాగితం బొమ్మ, కొలతలు రాసి నాకు పంపు, కుట్టించే ముందు ఒకసారి చూస్తాను. అక్కని అడిగానని చెప్పు.

మావయ్య